ధర పెరిగితే మొదటి పేజీ, పడితే జిల్లా పేజీ

(మన సంఘం మండల శిక్షణ తరగతుల్లో ‘వార్తా మాధ్యమాలు – సమాజం’ అనే అంశంపై చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం పెద్దది. నేను పదో తరగతితో చదువు ఆపినవాణ్ని. ఈ విషయం మీద పెద్ద పెద్ద పుస్తకాలు రాసినవాళ్లున్నారు. నాకున్న అర్హత ఒక్కటే. ముప్పై ఏళ్లుగా పొద్దున్నే టీ అంగడి దగ్గర పేపరు చదువుతున్నాను, చదివింది పక్కవాళ్లకు చెబుతున్నాను. అందుకే సిద్ధాంతాలు వదిలేసి, మీకూ నాకూ తెలిసిన పంటను పట్టుకుని మాట్లాడతాను. మాది మదనపల్లె వైపు. కాబట్టి ఆ పంట టమోటానే.

రెండు వార్తల కథ

2023 జులై గుర్తు తెచ్చుకోండి. టమోటా కిలో వంద దాటింది, కొన్నిచోట్ల రెండు వందలు కూడా దాటింది. ఏ పేపరు తీసినా మొదటి పేజీ అదే. ఏ చానల్ పెట్టినా అదే. ‘టమోటా మంట’, ‘సామాన్యుడి జేబుకు చిల్లు’, ‘వంటింట్లో కన్నీళ్లు’. సినిమా పాటలు పెట్టి, టమోటాను బంగారం బిస్కెట్ పక్కన పెట్టి చూపించారు.

ఆ వార్తలకు ఫలితం ఎంత వేగంగా వచ్చిందో చూడండి. జులై 14 నుంచి కేంద్రం ఎన్‌సీసీఎఫ్, నాఫెడ్ సంస్థల ద్వారా ఢిల్లీలో కిలో 90 రూపాయలకు అమ్మించింది. రెండు రోజుల్లో 80కి తగ్గించింది. ఆ నెల 20 నుంచి 70 చేసింది. ఆ సరుకులో మన ప్రాంతం నుంచి కొన్నదీ ఉంది. మన రాష్ట్రంలో రైతు బజార్లలో 50 రూపాయలకు అమ్మారు. ఆగస్టులో నేపాల్ నుంచి దిగుమతి చేస్తున్నామని ఆర్థిక మంత్రి పార్లమెంటులోనే చెప్పారు. ప్రభుత్వం తలుచుకుంటే ఎంత చురుగ్గా కదలగలదో ఆ నెలలో చూశాం.

సెప్టెంబరు వచ్చింది. ధర కుప్పకూలింది. నేను ఆ రోజు తోలిన బాక్సు 60 రూపాయలు పలికింది. బాక్సంటే పాతిక కిలోలు. నా నోటుబుక్కులో లెక్క ఇప్పటికీ ఉంది. కోత కూలి 25, బాడుగ 20, కమీషను 6, హమాలీ 5. చేతికి మిగిలింది నాలుగు రూపాయలు. పాతిక కిలోల కాయకు నాలుగు రూపాయలు. నారు, మల్చింగ్ షీటు, కట్టెలు, పురికోస, మందులు, నా చాకిరీ ఇందులో లెక్కకు రాలేదు.

ఈ వార్త పేపర్లో రాలేదని నేననను. వచ్చింది. జిల్లా పేజీలో, రోడ్డు పక్కన పారబోసిన కాయల ఫోటోతో వచ్చింది. కానీ ఆ పేజీ హైదరాబాదులో చదివేవాడికి పోదు, విజయవాడలో చదివేవాడికీ పోదు, ఢిల్లీకి అసలే పోదు. ఈసారి నాఫెడ్ రాలేదు, ఎన్‌సీసీఎఫ్ రాలేదు, ఎవరూ పార్లమెంటులో లేచి చెప్పలేదు.

నేను చెప్పదలచుకున్నదంతా ఈ రెండు వార్తల మధ్యనే ఉంది. మన మాధ్యమాలు ధరను కొనేవాడి వైపు నుంచి చూస్తాయి. అట్లా చూసీ చూసీ, సమాజానికి కూడా ఆ చూపే అలవాటైంది. అసలు ప్రమాదం ఏమిటంటే, అమ్మేవాళ్లమైన మనమే మనల్ని ఆ కళ్లతో చూసుకోవడం నేర్చుకున్నాం.

ఒక మాట ముందే చెప్పాలి. కొనేవాడి కష్టం అబద్ధం కాదు. నా తోటలో కోతకు వచ్చే ఆడకూతుర్లు కూడా అంగట్లో కూరగాయలు కొనుక్కునేవాళ్లే. వంద రూపాయల టమోటా వాళ్లకు భారమే. ఆ వార్త రాయడం తప్పు కాదు. అక్కడే ఆగిపోవడం తప్పు. వినియోగదారు ఇచ్చిన రూపాయిలో రైతుకు ఎంత చేరుతోందని అడగాలి కదా? 2024లో రిజర్వు బ్యాంకు పరిశోధకుల పత్రం ఒకటి వచ్చింది. టమోటాలో వినియోగదారు పెట్టే రూపాయిలో రైతుకు దక్కేది సుమారు 33 పైసలని, ఉల్లిలో 36, ఆలుగడ్డలో 37 పైసలని అందులో తేల్చారు. మిగతా 60, 70 పైసలు ఎక్కడికి పోతున్నాయన్నది కొనేవాడికీ మనకూ ఉమ్మడి ప్రశ్న. ఆ ప్రశ్న రోజూ మొదటి పేజీలో ఉంటే కూలి తల్లి, రైతు ఒకే వరుసలో నిలబడేవాళ్లు. అది లేదు కాబట్టి ఒకరికొకరు శత్రువుల్లా కనబడుతున్నారు.

చూపు నుంచి చట్టం దాకా

వార్త అంటే చదివి పడేసే కాగితం కాదు. 2012 ఆధారంగా కట్టిన ధరల సూచీలో ఆహార పానీయాల వాటా 45.86 శాతం. కాబట్టి కూరగాయల ధర పెరిగితే ద్రవ్యోల్బణం అంకె ఎగురుతుంది. 2023 జులైలో అది 7.44 శాతానికి ఎగిరింది. ఆ అంకె పతాక శీర్షిక అవుతుంది, శీర్షిక చూసి ప్రభుత్వానికి భయం పుడుతుంది. ఆ భయం ఎవరి మీద పడింది? అదే జులై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి నిషేధించారు. ఆగస్టు 19న ఉల్లి ఎగుమతి మీద 40 శాతం సుంకం వేశారు. డిసెంబరు 8న ఉల్లి ఎగుమతినే నిషేధించారు, మరుసటి ఏడాది మే దాకా ఎత్తలేదు. కర్నూలు ఉల్లి రైతుకు ఆ నాలుగైదు నెలలు ఏమైందో ఆ జిల్లా సోదరులు ఇక్కడే ఉన్నారు, అడగండి.

పేపరు వాళ్లు నిషేధం పెట్టమని రాశారని నేననడం లేదు. నిషేధం పెడితే చప్పట్లు పడతాయనే వాతావరణం తయారు చేశారంటున్నాను. సంస్కృతి అంటే పాటలు, పండుగలే కాదు. దేనికి చప్పట్లు కొట్టాలో, దేనికి జాలిపడాలో, దేన్ని చూసి నవ్వాలో మనకు అలవాటు చేసేది కూడా సంస్కృతే.

జిల్లా పేజీ మేలూ కీడూ

ఈ పరిస్థితి ఒక్కరోజులో రాలేదు. మన భాషలో రైతు పక్షాన నిలబడ్డ పత్రికలకు చరిత్ర ఉంది. నెల్లూరు నుంచి జమీన్ రైతు పత్రిక నడిచింది, దాని పేరులోనే రైతు ఉన్నాడు. నిజాం కాలంలో సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో గోలకొండ పత్రిక పెట్టి, తెలుగు నోరు నొక్కేసిన చోట తెలుగులో పల్లె బాధలు అచ్చేశారు. 1974లో విశాఖలో ఈనాడు మొదలైంది. 1989లో జిల్లా అనుబంధాలు వచ్చాయి, మిగతా పత్రికలూ ఆ దారినే నడిచాయి. అంతకుముందు మన మండలం పేరు పేపర్లో చూడాలంటే రైలు పడిపోవాలి, లేదంటే మంత్రి రావాలి. జిల్లా పేజీ వచ్చాక మా ఊరి బోరు ఎండిపోయిందని కూడా వార్త వచ్చింది. అది మేలే.

ఆ మేలు ఎంత దూరం పోగలదో 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట చూపించింది. అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. ఆ సంగతి పేపర్లకెక్కింది. ఈనాడు పత్రిక ఉద్యమ వార్తలకు రోజూ పేజీల్లో చోటిచ్చింది. ఒక ఊరి ఆడవాళ్లు చేసింది చదివి పక్క ఊరి ఆడవాళ్లు చీపుర్లు పట్టుకుని లేచారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు, అది వేరే కథ.

దూబగుంట నుంచి రెండు పాఠాలు తీసుకోవాలి. ఒకటి, పత్రిక తలచుకుంటే పల్లె గొంతును రాజధాని దాకా మోయగలదు. రెండోది ఇంకా ముఖ్యం. పత్రిక ఉద్యమాన్ని పుట్టించలేదు. ఆడవాళ్లు ముందు రోడ్డు మీదికొచ్చారు, తర్వాతే విలేకరి వచ్చాడు.

ఇక కీడు చెబుతాను. జిల్లా పేజీ మన వార్తకు ఇల్లు కట్టింది, ఆ ఇంటికే గొళ్లెం కూడా పెట్టింది. మదనపల్లె టమోటా మదనపల్లెలోనే, గుంటూరు మిర్చి గుంటూరులోనే, వరంగల్ పత్తి వరంగల్‌లోనే. మూడు చోట్లా ధర పడిపోయినా, ఇది ఒకే జబ్బు అని ఎవరికీ తెలియదు. ఎవరి కర్మ వాళ్లదని ఎవరింట్లో వాళ్లం ఏడుస్తున్నాం.

ఇందులో మన మండల విలేకరిని తిట్టి లాభం లేదు. చాలామందికి జీతం లేదు, లైన్ అకౌంట్ అంటే అచ్చయిన దానికి కొలిచి ఇచ్చే చిల్లర. పైగా పండక్కి ప్రకటనలు తేవాలని ఒత్తిడి. ప్రకటన ఇచ్చేది ఎవరు? విత్తనాల డీలరు, రియల్ ఎస్టేట్ వ్యాపారి, నాయకుడు. వాళ్ల మీద వార్త రాయాల్సి వస్తే ఆ పిల్లవాడు ఎట్లా రాస్తాడు? మనం పేపరుకిచ్చే డబ్బు దాని ఖర్చుకు చాలదు, మిగతాది ప్రకటనలు ఇచ్చేవాళ్లు భరిస్తున్నారు. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని వార్తలు వేశారన్న ఆరోపణల మీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరితో కమిటీ వేసింది. అందులో ఒకరు మన తెలుగు పాత్రికేయులు కె. శ్రీనివాసరెడ్డి గారు, రెండోవారు పరంజయ్ గుహా ఠాకుర్తా గారు. 2010లో వాళ్లు పేర్లతో సహా నివేదిక ఇస్తే, కౌన్సిల్ మొదట దాన్ని పూర్తిగా బయటపెట్టలేదు. మరుసటి ఏడాది సమాచార కమిషన్ ఆదేశిస్తే గానీ అది జనానికి అందలేదు.

‘వ్యక్తి’ అనే మాట

ఇప్పుడు చెప్పేది నాకు కష్టమైన సంగతి. పేరు చెప్పను, ఊరు చెప్పను.

మా పక్క ఊళ్లో ఒక కౌలు రైతు ఉండేవాడు. మూడెకరాలు కౌలుకు చేసేవాడు. వరసగా రెండు పంటలు పోయాయి. అప్పు ఇచ్చినవాళ్లు ఇంటికొచ్చి కూర్చునేవాళ్లు. ఒకరోజు ప్రాణం తీసుకున్నాడు. మరుసటి రోజు పేపర్లో నాలుగు లైన్ల వార్త. ‘కుటుంబ కలహాలతో వ్యక్తి ఆత్మహత్య’. చివర్లో మద్యానికి బానిసయ్యాడని కూడా ఉంది. అతనికి తాగుడు లేదు. ఇంట్లో గొడవ నిజమే, అప్పులాళ్లు గడపలో కూర్చుంటే ఏ ఇంట్లో గొడవ జరగదు?

వారం తర్వాత ఆ చెల్లెలు పేపరు ముక్క మడిచి పట్టుకుని మా ఇంటికొచ్చింది. “అన్నా, ఆయన రైతు కాడంటనా?” అని అడిగింది. అంతే అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ ఒక్క మాటలో ఎంత ఉందో చూడండి. 2004లో వచ్చిన జీవో 421 ప్రకారం, ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి సాయం చేయాలంటే అధికారుల కమిటీ విచారించి, అది సాగు అప్పుల వల్ల జరిగిందని తేల్చాలి. అప్పుడు సాయం లక్షన్నర. తర్వాత రెండు రాష్ట్రాలూ పెంచాయి, తెలంగాణ 2015లో జీవో 194తో ఆరు లక్షలు చేసింది. కానీ పాసుపుస్తకం లేని కౌలు రైతు రైతేనని ఎవరు చెప్పాలి? కౌలు నోటి మాట, అప్పు చేబదులు. పోలీసు కాగితంలో కుటుంబ కలహాలని రాస్తే, విలేకరి అదే దింపుతాడు. విచారణకొచ్చిన అధికారి ముందు ఆ పేపరు ముక్క పెట్టి, ఊరంతా ఇట్లాగే అనుకుంటోంది కదా అంటారు. ఆ కుటుంబానికి ఇప్పటికీ ఏమీ రాలేదు. ఆ చెల్లెలు ఇప్పుడు కోతలకు పోతోంది.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారమే 2022లో వ్యవసాయ రంగంలో 11,290 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వాళ్లలో రైతులు 5,207 మంది, వ్యవసాయ కూలీలు 6,083 మంది. మా పక్క ఊరి కౌలు రైతులాంటి వాళ్లు ఈ లెక్కలో ఏ గడిలో పడ్డారో, అసలు పడ్డారో లేదో ఆలోచించండి. పేరు పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉంటే లెక్క వాళ్ల చేతిలో ఉన్నట్టే.

పాలగుమ్మి సాయినాథ్ గారు తరచూ చెప్పే సంగతి ఒకటుంది. 2006లో ముంబయిలో జరిగిన ఒక పెద్ద ఫ్యాషన్ వేడుకకు 512 మంది విలేకరులు హాజరయ్యారు. అక్కడ ప్రదర్శించింది నూలు బట్టలు. విమానంలో గంట ప్రయాణం దూరంలో, విదర్భలో పత్తి రైతులు చనిపోతున్నారు. అక్కడికి బయటి నుంచి పోయిన విలేకరులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

మాటల్లో దాగిన తీర్పు

రోజూ వినే మాటల్ని ఒకసారి పరీక్ష చేయండి. మన అప్పు తీసేస్తే ‘రుణమాఫీ భారం’. మాఫీ అంటే క్షమించడం, అంటే తప్పు మనం చేశామన్న మాట. బ్యాంకులు పది ఆర్థిక సంవత్సరాల్లో 16.35 లక్షల కోట్ల మొండి బాకీలు రైటాఫ్ చేశాయని 2025లో ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. అందులో సుమారు 9.27 లక్షల కోట్లు పెద్ద పరిశ్రమలవి, సేవా రంగానివి. ‘రైటాఫ్ అంటే మాఫీ కాదు, ఖాతా సర్దుబాటు, వసూలు కొనసాగుతుంది’ అని పత్రికలు ఓపిగ్గా వివరిస్తాయి. ఆ వివరణ నిజమే. మన విషయంలోనూ అంతే ఓపిగ్గా వివరించమని అడుగుతున్నాం.

మనకు ఇష్టమైన మాట ‘అన్నదాత’. ఏ పార్టీ నాయకుడైనా, ఏ యాంకరైనా ముందు ఆ దండ వేస్తాడు. దాత అంటే ఇచ్చేవాడు, ఇచ్చేవాడు ధర అడగకూడదు. మనం దాతలం కాదు. పండించి అమ్ముకునేవాళ్లం. మన ఫోటో చూడండి, ఎప్పుడూ తలపాగా కట్టి, నుదుటి మీద చెయ్యి పెట్టి, ఆకాశం వైపు చూసే ముసలాయనే. నాట్లు వేసే, కలుపు తీసే, కాయ కోసే ఆడమనిషి ఆ ఫోటోలో రైతు కాదు. జాలి లేకుంటే వింత. అదే 2023 జులైలో ‘టమోటా కోటీశ్వరుడు’ కథలు వచ్చాయి. కొందరికి నిజంగానే డబ్బొచ్చింది, సంతోషం. కానీ ఆ కథలు చూసి, రెండెకరాల నన్ను కూడా చుట్టాలు అప్పు అడిగారు. రాత్రిళ్లు తోటకు కాపలా పడుకున్నాం. మరుసటి సీజనుకు ఊరంతా టమోటా నాటింది. ధర పడింది. కోటీశ్వరుల కథ రాసినవాళ్లు దానికి మాత్రం రాలేదు.

దీని ఫలితం ఇళ్లల్లో కనిపిస్తోంది. పెళ్లి సంబంధాల దగ్గర ‘అబ్బాయి సేద్యం చేస్తాడు’ అంటే మాట అక్కడే ఆగిపోతోంది. నా కొడుకే ఫోనులో ఎవరితోనో ‘మా నాయన బిజినెస్’ అని చెప్పడం నేను విన్నాను. వాణ్ని కోప్పడలేదు. వాడు పుట్టినప్పటి నుంచి తెర మీద చూసిన రైతు ఎవరు? ఏడ్చేవాడు, లేదంటే చచ్చిపోయేవాడు. వాడు అట్లాంటి వాడి కొడుకని ఎందుకు చెప్పుకుంటాడు?

మనం ఏం చేయాలి?

2020 నవంబరులో ఢిల్లీ పొలిమేరల్లో పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్ రైతులు కూర్చున్నప్పుడు, కొన్ని చానళ్లు వాళ్లకు వేరువేరు ముద్రలు వేశాయి. వాళ్లు తిట్టుకుంటూ కూర్చోలేదు. డిసెంబరులోనే ‘ట్రాలీ టైమ్స్’ అని పంజాబీ, హిందీ భాషల్లో సొంత పత్రిక వేసుకున్నారు. ఏడాది నిలబడ్డారు. 2021 నవంబరులో మూడు చట్టాలూ రద్దయ్యాయి. ఆ ఏడాదిలో ఏడు వందల మందికి పైగా చనిపోయారని మోర్చా లెక్క చెప్పింది. దాని గురించి పార్లమెంటులో అడిగితే తమ దగ్గర రికార్డు లేదని మంత్రిత్వ శాఖ జవాబిచ్చింది. ఎవరి రికార్డు వాళ్లే రాసుకోవాలని అప్పుడు అర్థమైంది.

మనకు సొంత చానల్ పెట్టే తాహతు లేదు. ఈ నెలవారీ పత్రిక ఉంది. చేతిలో ఫోను ఉంది. చేయగలిగినవి నాలుగు చెబుతాను.

ఒకటి, ప్రతి ఊళ్లో ఒకరు ధరల నోటుబుక్కు పెట్టాలి. ఆ రోజు ధర, కూలి, బాడుగ, కమీషను, మిగులు. విలేకరి వచ్చినప్పుడు ‘మునిగిపోయాం సామీ’ అని ఏడవకుండా, ఆ పేజీ చూపించాలి. ఏడుపు ఒకరోజు ఫోటో అవుతుంది, లెక్క అయితే ఏడాది తర్వాత కూడా పనికొస్తుంది.

రెండు, కౌలు రైతుకు సాగుదారు కార్డు ఇప్పించాలి. 2019 చట్టం ప్రకారం దానికి భూ యజమాని సంతకం కావాలి, ఆ సంతకం దొరకడమే కష్టం. అందుకే సంఘం తరఫున పోయి అడగాలి. కార్డు రాకుంటే ఎవరి పొలం, ఎన్నెకరాలు, అప్పు ఎంతన్నది మన నోటుబుక్కులోనైనా సాక్షి సంతకాలతో ఉండాలి. కష్టంలో ఉన్న ఇంటికి ముందే పోవాలి, అప్పులాళ్లతో మనం మాట్లాడాలి. మనిషి పోయాక వార్త సరిగ్గా వేయించడం కంటే మనిషిని నిలుపుకోవడం ముఖ్యం. అయినా జరగరానిది జరిగితే, అదే రోజు స్టేషనులో, విలేకరి దగ్గర మన మనిషి ఉండాలి. ‘వ్యక్తి’ కాదు, ‘కౌలు రైతు’ అని రాయించాలి.

మూడు, మన ధర పడినప్పుడు మిర్చి వాళ్లకు, పత్తి వాళ్లకు, ఉల్లి వాళ్లకు ఆ లెక్క పంపాలి. వాళ్లది మనం తెప్పించుకోవాలి. నాలుగు జిల్లా పేజీలు పక్కపక్కన పెట్టి చదివితే అదే మన మొదటి పేజీ.

నాలుగు, వారానికి ఒకరోజు రచ్చకట్ట మీద పేపరు గట్టిగా చదవండి. ప్రతి వార్తకూ ఒక్క ప్రశ్న వేయండి. ఇది ఎవరి వైపు నుంచి రాశారు? మన ఫోనుల్లో వచ్చేవాటికీ అదే ప్రశ్న. ఎవరు పంపారో తెలియనిది మనం పంపకూడదు. అబద్ధం మన వైపు నుంచి వచ్చినా అబద్ధమే.

ఇక ముగిస్తాను. ఆ చెల్లెలి దరఖాస్తు మళ్లీ రాస్తున్నాం. ఎవరి పొలం చేశాడో చెప్పే సాక్షులు ముగ్గురు సంతకం చేశారు. భూ యజమాని ఇంకా చేయలేదు. వచ్చే సోమవారం ఆర్డీవో ఆఫీసులో ప్రజల అర్జీలు తీసుకుంటారు. పది గంటలకల్లా అక్కడికి రావాలని మిమ్మల్ని కోరుతున్నాను. కెమెరాలు వస్తాయో రావో తెలియదు. మనం పోదాం. ఆ రోజు ఏం జరిగిందో వచ్చే నెల సంచికలో మనమే రాసుకుందాం.

సెలవు.